ఇనప దవడలకి మెత్తటి తొడుగు

మా ఇంట్లో ఒక ఇత్తడి దీపపు కుంది ఉంది. అడుగున్నర ఎత్తు. మా అమ్మ పెళ్ళప్పుడు అమ్మమ్మ తణుకు దగ్గర అజ్జరంలో కొన్నదట. గోదావరి జిల్లాల వాళ్ళకి అజ్జరం గురించి చెప్పక్కర్లేదు; మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను, ఇత్తడి సామానుకి పేరుపడ్డ ఊరు. ఈ కుంది మూడు ముక్కలు: కింద పీఠం, మధ్యన కాడ, పైన ఒత్తులు వేసే పళ్ళెం. మూడూ మరలతో ఒకదాంట్లో ఒకటి బిగుస్తాయి. మా గృహప్రవేశానికి వచ్చినప్పుడు అమ్మ దాన్ని విప్పి, పాత చీర ముక్కల్లో చుట్టి, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చింది. "ఇక మీదే" అని మా ఆవిడ చేతికిచ్చింది.

కిందటేడు కార్తీకమాసానికి ముందు ఆ కుందికి గాయాలు చేశాను. చేసింది నేనే. ఆయుధం నేను ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న అయిదంగుళాల బెంచి వైసు. ఈ నెల వ్యాసం ఆ గాయాల గురించీ, అవి పడకుండా ముందే చేసి ఉండాల్సిన ఒక చిన్న పని గురించీ.

టెక్నాలజీ శీర్షికలో క్లౌడ్, ఏఐల మధ్య ఈ ఇనప సామాను గొడవేమిటి అంటారా? కీబోర్డుకంటే ముందు పుట్టిందీ టెక్నాలజీయే కదండీ. పైగా ఇందులో మన వృత్తికి పనికొచ్చే సంగతి కూడా ఒకటుంది. దాన్ని చివర్లో చెప్తాను.

అసలేం జరిగింది

ఫ్రిస్కో రైలు పేరు పెట్టుకున్న ఊరు. 1902లో ఇటుగా రైలు వచ్చింది. ఆవిరి ఇంజన్లకి నీళ్ళు పట్టే చోటు చుట్టూ ఊరు పెరిగింది. 1904లో సెయింట్ లూయిస్ - శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వే పేరు మీదుగా దీన్ని ఫ్రిస్కో అన్నారు. అలాంటి ఊళ్ళో, ఈ రోజు మన వాళ్ళ గరాజ్‌ల్లో సుత్తి వెతకాలంటే ముందు మంచినీళ్ళ సీసాల కట్టలూ, బియ్యం బస్తాలూ పక్కకి జరపాలి. మాదీ అలాంటి గరాజే. ఇంటి నుంచే పని చెయ్యడం అలవాటయ్యాక, రోజంతా తెర వంక చూసిన కళ్ళకి ఏదో ఒకటి చేత్తో పట్టుకుని చెయ్యాలనిపించి, ఓ మూల బల్ల వేసి దానికి వైసు బిగించాను.

కుంది కొంతకాలంగా ఊగుతోంది. కాడ పీఠంలోకి పూర్తిగా దిగకుండా సగంలో ఆగిపోయింది. వెలిగించిన దీపం ఒరిగి ఉంటే ఊరుకోలేం కదా. విప్పి, మరలు శుభ్రం చేసి, మళ్ళీ బిగిద్దామనుకున్నాను. చేత్తో తిప్పితే కదల్లేదు. ఏళ్ళ తరబడి కారిన నూనె మరల్లో జిగురై, దాని మీద చింతపండు పులుపూ చిలుమూ చేరి, రాయిలా గట్టిపడింది. సరే, మనకి వైసు ఉందిగా! కాడని దవడల మధ్య పెట్టి, పిడి మీద నా బరువంతా వేసి బిగించి, పీఠాన్ని తిప్పాను. కుంది వైసులోనే కిర్రుమంటూ జారింది. జాయింటు మాత్రం కదల్లేదు.

వదులు చేసి చూస్తే కాడకి రెండు వైపులా గీతలు, అడ్డదిడ్డంగా లోతైన గాట్లు. వైసు దవడల మీద పళ్ళు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే, రబ్బరు స్టాంపు వేసినట్టు. అమ్మ మూడు వారాల్లో వస్తోంది.

తణుకులో ఉన్న మా మేనమామకి వీడియో కాల్ చేశాను. మామయ్య ఐటిఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివి, చక్కెర ఫ్యాక్టరీలో రిటైరయ్యేదాకా పనిచేశాడు. కుంది చూపించాను. ఆయన కుంది కంటే ముందు వైసు చూపించమన్నాడు.

"ఏరా అల్లుడూ, ఇత్తడిని ఉత్త దవడల్లో పెట్టేశావా? క్లాంపులేవీ?"

"క్లాంపులంటే ఏంటి మామయ్యా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మమ్మల్ని ఐటిఐలో చేర్చుకున్నాక మొదటి వారంలో చెప్పిన పాఠం రా అది. ఎమ్మెస్ చేశావు, అక్కడ చెప్పలేదా?" అన్నాడు.

నిజమే. మన ఐటిఐల్లో పిల్లలు చదివే ఫిట్టర్ ట్రేడ్ పుస్తకాల్లో ఇది ఉంది. నున్నగా తయారైన వస్తువుని పట్టుకోవాలంటే వైసు గట్టి దవడల మీద అల్యూమినియం 'వైస్ క్లాంపులు' తొడగాలి, అవసరానికి మించి బిగించకూడదు. అమెరికాలో వీటినే 'సాఫ్ట్ జాస్' అంటారు. మనం మెత్తటి దవడలు అనుకుందాం.

వైసు బలమెంత?

మొదట నా తప్పు ఎక్కడుందో లెక్క కట్టి చూసుకున్నాను. ఇది చెయ్యగలిగింది ఎమ్మెస్సే!

వైస్ అన్న మాటకి మూలం లాటిన్‌లో ద్రాక్షతీగ అనే అర్థమున్న పదం. అది ఫ్రెంచిలోకి వచ్చి స్క్రూ అయింది. తీగలా మెలి తిరిగిన ఆ మరలోనే బలమంతా ఉంది. నా వైసు పిడి సుమారు 20 సెంటీమీటర్లు. పిడిని ఒక చుట్టు తిప్పితే చెయ్యి దాదాపు 125 సెంటీమీటర్లు తిరుగుతుంది, దవడ మాత్రం 5 మిల్లీమీటర్లే కదులుతుంది. అంటే 250 రెట్ల లాభం. మరల మధ్య రాపిడి ఇందులో మూడొంతులకి పైగా మింగేస్తుందనుకున్నా, 50 రెట్లు మిగులుతుంది. నేను పిడి మీద 10 కిలోల బరువు వేస్తే దవడలు 500 కిలోల బరువుతో నొక్కుతాయన్న మాట. నేను వేసింది అంతకంటే ఎక్కువే.

ఆ 500 కిలోలూ చదునైన రేకు మీద పరుచుకుంటే ఇత్తడికి ఏమీ కాదు. కానీ దవడల మీద ఉన్నవి పళ్ళు. పైగా కాడ గుండ్రంగా ఉంది, కాబట్టి ఆనేది ఒక్క గీత మీదే. అంత బరువూ కొన్ని పళ్ళ మొనల మీద పడింది. అవి గట్టిపరచిన ఉక్కు, ఇది ఇత్తడి. గాటు పడక ఏమవుతుంది?

మరి పళ్ళు లేకపోతే పట్టు ఎలా? ఇదే నేను అర్థం చేసుకోని విషయం. పట్టు అంటే కొరకడం కాదు, రాపిడి. నునుపైన పొడి లోహాల మధ్య రాపిడి గుణకం 0.2 అనుకోండి. రెండు దవడలూ కలిపి 500 కిలోల దగ్గర 200 కిలోల దాకా జారకుండా ఆపుతాయి. మధ్యలో తోలో, రబ్బరో ఉంటే గుణకం 0.5 దాటుతుంది, సగం కూడా బిగించక్కర్లేదు. ఇంట్లో మనం చేసే పనుల్లో చాలావాటికి పళ్ళ అవసరమే లేదు.

మెత్తన అంటే ఎంత మెత్తన?

'వస్తువు కంటే దవడ మెత్తగా ఉండాలి' అన్నది సూత్రం. చెప్పడం తేలిక. కొనబోతేనే చిక్కు.

లోహాల గట్టిదనాన్ని బ్రినెల్ అంకెల్లో కొలుస్తారు. సీసం 5 దగ్గర ఉంటుంది. మెత్తబరచిన శుద్ధ అల్యూమినియం 20, 25. కాల్చి మెత్తబరచిన రాగి 40 దగ్గర. ఇత్తడి తయారీని బట్టి 60 నుంచి పైకి. వైసు దవడలు 400 దాటతాయి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ హార్డ్‌వేర్ షాపులో దొరికే అల్యూమినియం యాంగిల్ శుద్ధ అల్యూమినియం కాదు, మిశ్రమ లోహం. 6063 రకం అయితే 60 దగ్గర, 6061-టి6 అయితే 95. అంటే 'అల్యూమినియం మెత్తన' అనుకుని తెచ్చింది మన ఇత్తడి కంటే గట్టిది కావచ్చు! అయినా అది పనికొస్తుంది. నున్నగా, పళ్ళు లేకుండా, చదునుగా ఉంటుంది కనక ఉక్కు వస్తువులకీ, చదునైన ఇత్తడికీ బాగానే సరిపోతుంది. గుండ్రటి ఇత్తడి వస్తువుకి మాత్రం దాన్ని నమ్మకండి.

సీసం రేకు అన్నిటికంటే మెత్తన. పాత వర్క్‌షాపుల్లో వాడేవారు కూడా. కానీ అది విషం, చేతులకి అంటుతుంది. పిల్లలున్న ఇంట్లో, అదీ దేవుడి దగ్గర పెట్టే వస్తువుకి, అసలు వద్దు.

చేసుకోవడం ఎలా?

నాలుగు రకాలు చేసి చూశాను. ఏది దేనికో చెప్తాను.

అల్యూమినియం యాంగిల్: ఒకటిన్నర అంగుళాల 'ఎల్' ఆకారం, మందం 3 మిల్లీమీటర్లు. దవడ వెడల్పుకి సరిపడా రెండు ముక్కలు కోసి, అంచుల్ని ఆకురాయితో గుండ్రంగా రుద్దండి. 'ఎల్'లో ఒక రెక్క దవడ మీద కూర్చుంటుంది, రెండోది ముందు వేలాడుతుంది. దవడ తెరిచినప్పుడల్లా పడిపోకుండా ఉండాలంటే పై రెక్క అడుగున చిన్న అయస్కాంతాలు ఎపాక్సీతో అతికించండి. అరగంట పని. రోజువారీ వాడకానికి ఇదే మేలు.

రాగి: అంగుళం రాగి పైపు ముక్కని పొడవునా చీల్చి, సుత్తితో చదును చేస్తే మంచి రేకు వస్తుంది. ఫ్రిస్కోలో కొత్త ఇళ్ళ నిండా ప్లాస్టిక్ పైపులే కనక పాత ముక్క దొరకదు, కొనాల్సిందే. రేకుని టార్చితో ఎర్రబడేదాకా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది. ఉక్కుని ఇలా ముంచితే గట్టిపడుతుంది, రాగికి ఆ భయం లేదు. మెత్తబడ్డ రేకుని దవడ మీదికి వంచి తొడిగెయ్యచ్చు. వాడగా వాడగా దెబ్బలకి రాగి మళ్ళీ గట్టిపడుతుంది, అప్పుడు మళ్ళీ కాల్చాలి. మరలున్న బోల్టుల్ని పట్టుకోవడానికి ఇది బాగుంటుంది.

కర్ర, తోలు: మేపుల్, ఓక్ లాంటి గట్టి కర్ర ముక్కలు రెండు. ముఖానికి పాత బెల్టు తోలు అంటించండి. కర్ర నార దవడ పొడవునా అడ్డంగా వెళ్ళాలి. నిలువుగా ఉంటే ఒత్తిడికి చీలుతుంది. రెండు ముక్కల్నీ అడుగున ఒక తోలు పట్టీతో కలిపితే పుస్తకంలా తెరుచుకుంటాయి, జారి పడవు. చెక్క వస్తువులకీ, పాలిష్ చేసిన వాటికీ దీన్ని మించింది లేదు.

ప్లాస్టిక్: కూరలు తరిగే తెల్లటి పాలీఎథిలీన్ బోర్డు బంగారంలా పనికొస్తుంది. (వంటింట్లోది తీసుకోకండి. అనుభవం మీద చెప్తున్నాను.) త్రీడీ ప్రింటరు ఉంటే గాడులతో సహా కావలసిన ఆకారం అచ్చు వేసుకోవచ్చు. మా ఊరి పబ్లిక్ లైబ్రరీ 2023లో ఒకప్పటి బీల్ ఏరోస్పేస్ భవనంలోకి మారింది. సొంతంగా రాకెట్లు తయారుచేద్దామని మొదలై 2000లో మూతపడ్డ కంపెనీ అది. ఇప్పుడా కప్పు కింద మేకర్‌స్పేస్‌లో పిల్లలు ప్రింటర్ల ముందు కూర్చుంటారు. అయితే ఒక హెచ్చరిక. మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. అంతదాకా వెళ్ళకపోయినా, టెక్సస్ జులైలో మూసి ఉన్న గరాజ్ వేడికి, బిగించి వదిలేస్తే మెల్లగా వంకర పోతుంది. పీఈటీజీ అయితే 80 దాకా ఆగుతుంది. ఏ రకమైనా పని అయ్యాక వైసు వదులు చెయ్యండి.

ఏది చేసుకున్నా మర్చిపోకూడనిది ఒకటుంది. మెత్తటి దవడల్లో ఉక్కు రజను దిగబడుతుంది. ఆకురాయి పని చేసిన మర్నాడు అదే దవడల్లో ఇత్తడి పెడితే, ఆ రజనే పళ్ళ పని చేస్తుంది. అయస్కాంతాలు ఉంటే రజను ఇంకా చేరుతుంది. కాబట్టి వాడబోయే ముందు బ్రష్‌తో తుడిచి, వేలితో తడిమి చూడండి. మామయ్య అయితే ఇనుముకొక జత, ఇత్తడికొక జత విడిగా ఉంచుకునేవాడట.

కాల్చిన వస్తువు పట్టుకోవాలన్నా, సుత్తితో గట్టిగా మోదాలన్నా, తుప్పుపట్టిన పాత ఇనప బోల్టు ఊడదియ్యాలన్నా మెత్తటి దవడలు తీసేసి ఉత్త దవడలే వాడండి. ఆ పళ్ళు ఉన్నది అందుకే.

కుంది కోసం కొలిచి చేసినవి

ఇక మన కుంది దగ్గరికొద్దాం. గుండ్రటి కాడ చదును దవడల మధ్య ఎంత మెత్తటిది వేసినా రెండు గీతల మీదే ఆనుతుంది. కాడ లోపల బోలుగా ఉంటే నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారం వస్తుంది కూడా. కావలసింది కాడ చుట్టూ హత్తుకునే దవడ.

సి.ఎన్.సి. మిషన్లు నడిపేవాళ్ళు సాఫ్ట్ జాస్ అంటే నిజానికి దీన్నే అంటారు. అల్యూమినియం దిమ్మలు వైసుకి బోల్టులతో బిగించి, పట్టుకోవాల్సిన వస్తువు ఆకారాన్ని ఆ మిషన్ మీదే వాటిలో తొలిచేస్తారు. వస్తువు అందులో అచ్చులో కూర్చున్నట్టు కూర్చుంటుంది.

నా దగ్గర సి.ఎన్.సి. లేదు. మామయ్య చెప్పిన పద్ధతి చెప్తాను. రెండు మేపుల్ దిమ్మలు తీసుకుని, మధ్యన 2 మిల్లీమీటర్ల మందం అట్ట పెట్టి, కలిపి బిగించాలి. కాడ కంటే రవ్వంత పెద్ద బిట్టుతో, సరిగ్గా ఆ అతుకు మీద, నిలువుగా బెజ్జం వెయ్యాలి. తర్వాత అట్ట తీసెయ్యాలి. ఇప్పుడు ఒక్కో దిమ్మలో సగం కంటే కొంచెం తక్కువ గుండ్రం ఉంటుంది. కాడ చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి అందులో పెడితే, దిమ్మలు ఒకదానికొకటి తగలక ముందే కాడని చుట్టూ పట్టుకుంటాయి. బెజ్జం నిటారుగా రావాలి కనక డ్రిల్ ప్రెస్ ఉన్న స్నేహితుడి గరాజ్‌కి వెళ్ళాను. మీకు అలాంటి స్నేహితులు లేకపోతే, డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి కారల్టన్‌లో డాలస్ మేకర్‌స్పేస్ ఉంది. సభ్యులైతే వాళ్ళ మిషన్లు వాడుకోవచ్చు.

రెండో పాఠం: బలం చివరి మందు. ముందు మరల దగ్గర వేడినీళ్ళు పోసి నూనె జిగురు కరిగించాను. ఆరాక పెనిట్రేటింగ్ ఆయిల్ నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాను. (నూనె వేశాక మంట దగ్గరికి తీసుకెళ్ళకండి.) తెల్లారి పీఠం మరల చుట్టూ మళ్ళీ వేడినీళ్ళలో ముంచిన గుడ్డ చుట్టాను. 20 మిల్లీమీటర్ల ఇత్తడి బెజ్జం 60 డిగ్రీలు వేడెక్కితే 0.02 మిల్లీమీటర్లు సాగుతుంది. తక్కువే, కానీ లోపలి మర ఇంకా చల్లగా ఉన్నప్పుడు ఆ సందు చాలు. కాడని కర్ర దవడల్లో పెట్టి, ఈసారి పిడిని ఒక్క చేత్తో మాత్రమే బిగించి, పీఠానికి రబ్బరు పట్టీ రెంచి వేసి తిప్పాను. టక్కుమని చిన్న చప్పుడు. అంతే, విడిపోయింది.

మరల్లోంచి నల్లటి ముద్ద వచ్చింది. పాత టూత్‌బ్రష్‌తో తోమి, తుడిచి, మళ్ళీ బిగించాను. కుంది నిటారుగా నిలబడింది. ట్యూబు చుట్టిన చోట ఒక్క గీత పడలేదు. మొదటిరోజు గాట్లు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని ఆకురాయితో రుద్దేద్దామా అని అడిగితే మామయ్య వద్దన్నాడు. "రుద్దితే కాడ సన్నబడి, అక్కడ లొట్ట కనపడుద్ది. గాటు గాటులా ఉండనీ" అన్నాడు.

మన పనిలో

చివర్లో చెప్తానన్న సంగతి ఇదీ. రెండు వస్తువులు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకునే చోట ఏదో ఒకటి అరుగుతుంది. ఏది అరగాలో మనం ముందే నిర్ణయించకపోతే, గట్టిది గెలుస్తుంది, విలువైనది ఓడిపోతుంది. నిర్ణయించడమంటే మధ్యలో చవగ్గా మార్చుకోగలిగే మూడోది పెట్టడమే. మనం పాత సిస్టమ్‌కీ కొత్త సిస్టమ్‌కీ మధ్య రాసే అడాప్టర్లూ, ప్రొడక్షన్ డేటాని ముట్టుకునే ముందు తీసుకునే కాపీలూ చేసేది ఈ పనే. క్లయింట్ల దగ్గర పదేళ్ళుగా ఈ మాటే చెప్తున్నాను. మా ఇంటి గరాజ్‌లో మాత్రం గుర్తురాలేదు.

అమ్మ వచ్చింది. మర్నాడు పొద్దున్న దీపం పెట్టబోతూ కాడ మీద వేలు ఆనించి ఆగింది. గాట్ల మీద ఒకసారి అటూ ఇటూ రాసింది. నేను కాఫీ కప్పు పట్టుకుని చూస్తున్నాను. ఏమీ అనలేదు. గాట్లు గోడవైపు వచ్చేలా కుందిని కొంచెం తిప్పి, ఒత్తులు సరిచేసి, దీపం వెలిగించింది.

మీ గరాజ్‌లో వైసు ఉంటే, ఈ శనివారం దాని దవడల మీద ఒకసారి బొటనవేలు ఆనించి చూడండి. పళ్ళు తగిలితే, ఒక యాంగిల్ ముక్కా, ఆకురాయీ, అరగంట తీరికా చాలు. వచ్చే నెల మరో విషయంతో కలుద్దాం.